ఊడ్చేసిన దూది

నా డైరీల్లో ఏది తెరిచినా పేజీల మధ్య ఎక్కడో ఒకచోట దూది కనిపిస్తుంది. సిరా ఆరకముందే వచ్చి అక్షరం మీద వాలిన పోగు అక్కడే అతుక్కుని ఉండిపోతుంది. బద్వేలులో మా ఇంటి ముందరి రెండు గదులను పరుపులు కుట్టే కుటుంబానికి అద్దెకిచ్చాం. నేను నీటిపారుదల శాఖలో పనిచేస్తున్న రోజుల నుంచీ వాళ్ళు అక్కడే ఉన్నారు. పొద్దున దూదేకే మిషను మొదలైతే సాయంత్రం దాకా గాలిలో తెల్లటి నూగు తేలుతూనే ఉంటుంది. మా ఇంటావిడ మజ్జిగ గ్లాసు మీద మూత లేకుండా ఎవరికీ ఇవ్వదు. మొదట్లో విసుక్కునేవాళ్ళం. తర్వాత తర్వాత ఆ నూగు మా కళ్ళకు ఆనడమే మానేసింది.

అంగడి నడిపే ఆయన నవ్వుతూ మాట్లాడే మనిషి. ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ ఉపేక్షించడు. దూది ఉన్న చోటికి నిప్పు రాకూడదు. బీడీ వెలిగించుకుని వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా రోడ్డుకు అవతలే నిలబడి బేరం చెయ్యాలి. సాంబ్రాణి పొగ వేస్తూ అంగడి అంగడీ తిరిగే ఫకీరు కూడా ఆ గుమ్మం ముందుకు వచ్చేసరికి పొగ గిన్నెను వీపు వెనక్కి తిప్పుకుంటాడు. వాళ్ళ ఇల్లు, వంట అంతా పక్క సందులో వేరేగా ఉంది. అంగడిలో నిప్పు అనే మాట కూడా పలకనివ్వడు. ఎవరైనా పొరపాటున అంటే, “ఆ మాట ఈడ వద్దప్పా” అంటాడు.

అటువంటి ఇంట్లో పెరిగిన అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో అడవి మంటల మీద ప్రాజెక్టు తీసుకుంది.

కడప దగ్గర కాలేజీలో చదువుతూ, హాస్టల్లో ఉంటూ, శనివారాలు ఇంటికి వచ్చేది. ఒక శనివారం మా ఇంట్లోకి వచ్చి, నేను పేపరు మడిచే దాకా ఆగి అడిగింది.

“తాతా, మీ మిద్దె మీద ఒక ఫోను కట్టుకోవచ్చా?”

“ఎవరికి చెయ్యాల?”

“ఎవరికీ కాదు. అది కొండల్ని సూస్తాంటాది. పొగ కనపడితే చెప్తాది.”

ఆమె జట్టులో మరో ఇద్దరున్నారనీ, కెమెరాతో పొగను పసిగట్టడం వాళ్ళ పని అనీ, పొగ పుట్టిన తర్వాత మంట ఎటు పోతుందో కంప్యూటర్లో ముందే నడిపించి చూడటం తన పని అనీ చెప్పింది. మా మిద్దె మీది నుంచి లంకమల వైపు కొండలు అడ్డం లేకుండా కనిపిస్తాయి కనుక పొగ పని అక్కడ మొదలుపెడతారట.

“మీ నాయనకు చెప్పినావా?”

“పొగ అని చెప్పినా. మంట అని చెప్పలా.”

పాత ఫోనును పిట్టగోడకు తీగతో బిగించారు. అది కొంతసేపటికొకసారి ఫోటో తీసి, అందులో పొగ ఉందో లేదో తనలో తాను తేల్చుకుని, ఉందనిపిస్తే నా ఫోనుకు కబురు పంపేది. నేను మిద్దె ఎక్కి నిజమో కాదో చూసి రాయాలి. మొదటి వారాల్లో అది పట్టుకున్నవన్నీ అబద్ధాలే. ఇటుక బట్టీ, మట్టి ట్రాక్టరు లేపిన దుమ్ము, చలికాలపు మంచు. ఒకరోజు మా ఇంటావిడ స్నానానికి పెట్టిన నీళ్ళ పొయ్యి.

“నా పొయ్యిని గూడా పోలీసులకు పట్టిస్తాదా అది?” అంది ఆమె.

నాకు మాత్రం ఆ పని చాలా నచ్చింది. ఉద్యోగంలో చెరువుల గేజీలు చూసి నీటిమట్టం రాసుకున్నవాణ్ణి; చూడటం, రాయడం తప్ప నాకు వేరే విద్య లేదు. చూడగా చూడగా ఒకటి తెలిసింది. పొగకు కాలు ఉంటుంది. పైన ఎంత విచ్చుకున్నా కింద ఒకచోట నాటుకుని ఉంటుంది. మంచుకు, దుమ్ముకు కాలు ఉండదు. ఆ మాట చెబితే అమ్మాయి ఫోనులో తన జట్టువాళ్ళకు చెప్పింది. వాళ్ళు ఆ సంగతిని ముందే వేరే మాటల్లో కనిపెట్టారట. అయినా సంతోషపడ్డాను.

ఇంతలో వాళ్ళ నాయనకు సంగతి తెలిసిపోయింది. “పొగ యాడ నుంచి వస్తాదో నాకు తెల్దనుకున్యావా పాపా?” అన్నాడట. కోప్పడలేదు. కానీ ఆ వారమంతా పరుపు కుట్టే సూది కొంచెం గట్టిగా గుచ్చాడని వాళ్ళమ్మ మా ఇంటావిడతో చెప్పింది.

అసలు చిక్కు రెండో పనిలో వచ్చింది. అంతకు ముందు ఎండాకాలంలో మా కొండల్లో మంట రేగింది. రోడ్డుకు పడమటి వైపు వాలులో పుట్టి, కొండల నడుమ పోయే తారురోడ్డు దాకా వచ్చింది. రోడ్డుకు అటూ ఇటూ గడ్డి కోయించి ఉన్నారు కనుక అక్కడ ఆగుతుందని అందరూ అనుకున్నారు. ఆగలేదు. అవతలి కొండ కూడా కాలింది. నేను మిద్దె మీద నిలబడి చూశాను.

పిల్లలు అటవీశాఖ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, కొండమీది వాచ్ టవర్ మీద తమ కెమెరా పెట్టనివ్వమని అడిగారు. అక్కడి రేంజరు వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇప్పించి ఒకే మాట చెప్పాడట.

“ఏటా ఎవురో ఒకరు వచ్చి తెర మీద రంగులు సూపిచ్చి పోతారమ్మా. పోయిన ఎండాకాలం మంటను నీ కంప్యూటర్లో మళ్ళా నడిపియ్. అది రోడ్డు దాటితే చెప్పు. దాటితే టవర్ మీద కెమెరా పెట్టుకోండి, నీ మ్యాపు సూసే లైన్లు కొట్టిస్తా. దాటకపోతే నాకేం పనికొస్తాది?”

లైన్లు కొట్టడం అంటే మంట పాకకుండా అడవిలో బాటల్లా గడ్డి తీసేయడం. ఎండలు ముదిరేలోగా ఆ పని మొదలుపెడతారు. కాబట్టి గడువు అంతే.

అమ్మాయి కంప్యూటర్లో మంట రోడ్డు దాటడం లేదు.

తెర మీద కొండను గళ్ళు గళ్ళుగా కోసుకుంది. ఒక్కో గడిలో గడ్డి ఎంత, వాలు ఎంత, ఎండు ఎంత అని రాసుకుంది. ఒక గడి అంటుకుంటే పక్క గడికి ఎంతసేపట్లో సోకుతుందో లెక్క. జీవితమంతా గళ్ళ కాగితం మీద గడిపినవాణ్ణి కనుక నాకు సులువుగానే అర్థమైంది. మీట నొక్కితే ఎర్రరంగు వాలు ఎక్కుతూ, చీలుతూ, కలుస్తూ వచ్చి రోడ్డు దగ్గర చల్లారిపోయేది. ప్రతిసారీ అంతే.

“అవతల గడ్డి ఎక్కువుండాదని రాస్తే దాటుతాది తాతా. కానీ ఆడ ఉండేది బండలు. లేని గడ్డి ఎట్ల రాయాల?”

“రాయొద్దు.”

“రాయను. కానీ మా సీనియర్ల ప్రాజెక్టులన్నీ కాలేజీలో అద్దాల బీరువాలో ఉండాయి. ఎవరూ తెరవరు. మాది దాంట్లోకి పోకూడదు.”

గాలి తప్పుగా తీసుకుందేమోనని నా డైరీ అడిగింది. మంట రేగిన రోజు పేజీ గర్వంగా తీశాను. ‘పడమటి గాలి బలంగా ఉంది. కొండ కాలుతోంది. కుళాయికి వాషరు మార్పించాలి’ అని ఉంది.

“బలంగా అంటే ఎంత తాతా?”

నేను ఆలోచించాను. ఎన్నో ఏళ్ళుగా ‘బలంగా’ అని రాస్తున్నాను కానీ ఎవరూ ఎంత అని అడగలేదు. ఆ రోజు మిద్దె మీద తువ్వాలు దండెం చుట్టూ చుట్టుకుపోయిందని గుర్తుంది. టేబుల్ ఫ్యాను తెచ్చి తువ్వాలు ముందు పెట్టి, ఒక్కో నంబరు తిప్పి చూశాం. చివరి నంబరులో కూడా తువ్వాలు ఊగింది గానీ చుట్టుకోలేదు. “దీనికన్నా ఎక్కువ” అన్నాను. ఆమె మర్యాదగా రాసుకుంది. చివరికి వాతావరణ శాఖ లెక్కలే వాడుకుంది. నా డైరీ నుంచి పడమర అనే ఒక్క మాట పుచ్చుకుంది. అప్పటి నుంచి గాలి గురించి రాసేటప్పుడు తువ్వాలు ఏం చేసిందో కూడా రాస్తున్నాను.

తెర మీద తెలియనిది చేత్తో చేస్తే తెలుస్తుందేమోనని అగ్గిపుల్లల కొండ తయారుచేసింది. పాత తలుపు చెక్క మీద బంకమట్టి పరిచి, పుల్లలను తల పైకి ఉండేట్టు వరసగా గుచ్చి, చెక్కకు ఒక పక్క ఇటుకలు పెట్టి వాలు చేసింది. మధ్యలో బొటనవేలు వెడల్పున ఖాళీ వదిలితే అది రోడ్డు. ఇదంతా మా పెరట్లో, అంగడికి ఎంత దూరం కుదిరితే అంత దూరంలో. వాళ్ళ నాయన రోజూ వచ్చి తన చేత్తో ఒక బక్కెట్టు నీళ్ళు పెట్టి, అటు చూడకుండా పోయేవాడు.

అగ్గిపెట్టెలు కట్టలు కట్టలుగా వస్తుంటే మా ఇంటావిడ ఊరుకోలేదు. “దీపం ముట్టిద్దామంటే ఇంట్లో పుల్ల లేదు. కొండలకు మాత్రం ఉండాయి.”

కానీ మొదటి పుల్ల అంటించినప్పుడు ఆమె కూడా చేతిపని వదిలి వచ్చి నిలబడింది. చెక్క సమంగా ఉంటే మంట మెల్లగా నడిచింది. వాలు పెంచితే పరుగెత్తింది. కింది పుల్ల మంట పై పుల్లను ముందే వేడెక్కించి సిద్ధం చేస్తుంది కనుక అలా ఎక్కుతుందని అమ్మాయి చెప్పింది. అంతకాలం కొండమీది మంటను చూసి అది ఎందుకు పైకే పోతుందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. చీకటి పడేదాకా వాలు మార్చి మార్చి చూశాం.

ఖాళీ దగ్గర మాత్రం మంట ఆగిపోయేది. ఫ్యాను పెట్టినా ఆగిపోయేది.

ఒక సాయంత్రం దాటింది. అవతలి పుల్లలు భగ్గుమనేసరికి ఇద్దరం లేచి నిలబడ్డాం. ఎట్లా దాటిందో చూద్దామని నీళ్ళు చల్లి వంగి చూశాం. ఖాళీకి అవతల, ఇంకా కాలని పుల్లల నడుమ తెల్లగా నూగు పట్టి ఉంది. సందులోంచి గాలి తెచ్చింది. సగం కాలిన పోగు ఒకటి పుల్లకు అంటుకుని ఉంది.

“ఛ. మా నాయన దూది” అంది.

కాగితం మీద ఆ ప్రయోగం ఎదురుగా ‘దూది పడింది, లెక్కలోకి రాదు’ అని రాసింది. నేను కూడా సరేనన్నాను. చెరువు గేజీకి పుల్లో పుడకో అడ్డుపడితే ఆ రోజు అంకె మేమూ కొట్టేసేవాళ్ళం. అది పద్ధతి. ఇద్దరం కలిసి చెక్కను రంగుల కుంచెతో శుభ్రంగా ఊడ్చాం. సందు మొగదలలో తడి దుప్పటి కట్టాం, నూగు ఇటు రాకుండా. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మంట ఒక్కసారి కూడా దాటలేదు. దాటకపోయినా పని శుభ్రంగా చేస్తున్నామని మాకు తృప్తిగానే ఉండేది.

కంప్యూటరూ చెప్పలేదు, చెక్కా చెప్పలేదు కనుక చోటు చూసి వద్దామని రేంజరు అనుమతి తీసుకుని వెళ్ళాం. తోడుగా అడవి కాపలా కాసే వాచరును ఒకణ్ణి పంపాడు. చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజులు. మంట దాటిన చోట బస్సు దిగి రోడ్డు వెంట నడిచాం. పడమటి వాలు నిండా కొండగోగు చెట్లు పూసి ఉన్నాయి. ఆ కాలంలో వాటికి ఒక్క ఆకు ఉండదు, కొమ్మ చివర పసుపుపచ్చటి పువ్వు మాత్రం ఉంటుంది. బూడిద రంగు కొండ మీద ఎవరో పసుపు ముద్దలు పెట్టినట్టు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. నేను వాటిని చూస్తూ నడుస్తున్నాను. ఆమె నేలను చూస్తూ నడుస్తోంది.

రోడ్డుకు తూర్పు పక్క నిజంగానే బండలే. అక్కడక్కడా పలచగా బోద గడ్డి. ఆమె వంగి ఒక బండ కింద చెయ్యి పెట్టి ఏదో తీసింది. ఎండి, పగిలి, అయిదు రెక్కలుగా విచ్చుకున్న కాయ. పోయిన ఎండాకాలానిది. వాన తగలని సందులో ఇరుక్కుని మిగిలిపోయింది. లోపల ఇంకా కొంచెం మెత్తటి నూగు ఉంది. వేలితో లాగితే పట్టులా సాగింది.

“అన్నా, ఇది ఏం కాయ?” అని వాచరును అడిగింది.

“కొండగోగుదే. ఎండల్లో పగులుతాది. ఆ వాలులో పగిలిందంతా గాలికి రోడ్డు దాటి ఈడికొచ్చి పడతాది. ఈ బండల కింద తెల్లగా పేరుకుంటాది.”

“మంటప్పుడు కూడా ఉండిందా?”

“ఉండే ఉంటాదిలే. మేం గడ్డే గదా సూసేది. దీన్ని ఎవురు పట్టించుకుంటారు?”

ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుంది. కాసేపు ఆ కాయను ఇటూ అటూ తిప్పింది.

“తాతా, మనం దుప్పటి కట్టి మరీ ఆపినాం.”

“దేన్ని?”

“దీన్నే. ఊడ్చి పారేసినాం గదా.”

అప్పటికి నాకు అర్థమైంది. ఎగిరొచ్చిన రవ్వను నూగు అందుకుని మంట రోడ్డు ఎలా దాటుతుందో మా పెరట్లో ఒకసారి కళ్ళారా చూశాం. చూసి, అది మా ఇంటి దుమ్ము అని కొట్టేశాం. ఇంకో ఊరి పిల్లయితే ఆ పోగును చూసి ఇదేమిటని అడిగేదేమో. దూదిలో పుట్టి పెరిగిన పిల్లకు, దూదికి అద్దెకిచ్చిన నాకు అది అడగవలసిన వస్తువుగా తోచలేదు. పైగా ఆ అంగడి కట్టడి ఎంత గట్టిదంటే, దూది అంటుకుంటే ఎట్లా ఉంటుందో ఆమె పుట్టిన తర్వాత ఒక్కసారి కూడా చూడలేదు. అంటుకోకూడదని తెలుసు, అంతే.

అవి పూతలో ఉన్న రోజులు కావడం మాకు కలిసివచ్చింది. చెట్లు దూరానికే తెలుస్తున్నాయి. ఆ మధ్యాహ్నమంతా రోడ్డు వెంట నడుస్తూ ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో ఆమె తన మ్యాపులో గుర్తులు పెట్టుకుంది. వాచరు చెబుతూ పోయాడు, నేను నీళ్ళ సీసా మోశాను.

కానీ ఆ నూగు ఎంత తొందరగా అంటుకుంటుందో, పక్కనున్న గడ్డికి అంటిస్తుందో లేదో తెలియాలి. ఊహించి రాయడానికి ఆమె ఒప్పుకోదు. కొండగోగు కాయలు పగలడానికి ఇంకా నెలలు పడుతుంది. దానికి దగ్గరిది బూరుగు దూది. అది వాళ్ళ అంగడిలోనే ఉంది.

“నాయనా, రోంత బూరుగు దూది కావల్ల” అని అడిగినప్పుడు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

“దిండుకా?”

“కాదు. అంటిచ్చేదానికి.”

ఆయన మిషను ఆపాడు. 

“సారూ, మీరన్నా చెప్పండి. ఇన్నేండ్లూ దేన్ని రానీకుండా కాసుకున్యానో దాన్ని నా సరుకుకే తగిలిచ్చమంటాంది.”

“ఈడ కాదప్పా. సగిలేట్లో, ఇసక మీద” అన్నాను.

సందులోంచి వాళ్ళమ్మ అంది. “పిడికెడు దూదికి ఇంత ఆలోచనా? మొన్న పిల్లి ఎత్తుకపోయింది అంతకన్నా ఎక్కువే.”

ఆయన మళ్ళీ మిషను వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే అంగడాయన స్కూటరు చప్పుడైంది. ముందు రెండు క్యాన్ల నీళ్ళు, చేతిలో గట్టిగా మూత బిగించిన స్టీలు టిఫిను డబ్బా. “ఏట్లో నీళ్ళు లేవు గదా, మనమే మోసుకుపోవల్ల” అన్నాడు.

ఏరు ఎండిపోయి ఇసక పరుచుకుని ఉంది. ముందుగా ఎండు బోద గడ్డి మీద, గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వకు బదులుగా, వెలుగుతున్న అగరుబత్తి కొన పెట్టాం. గడ్డి నల్లబడి, కొంచెం పొగ వచ్చి, ఆరిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆరిపోయింది. తర్వాత డబ్బా తెరిచి ఇసక మీద కొంచెం దూది పరిచి, దాని మీద అదే గడ్డి పేర్చి, అగరుబత్తి కొనను దూదికి తాకించింది.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత ఎర్రటి చుక్క పాకింది. అంతలోనే పైనంతా ఒక్కసారిగా భగ్గుమని, మేం అనుకునేలోగా దూది లేదు. గడ్డి మాత్రం మండుతూ ఉంది.

వాళ్ళ నాయన వెనక్కి అడుగులు వేసి, నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడ్డాడు. గడ్డి కాలి చల్లారాక అన్నాడు.

“ఇంత భయపడినా గదా సారూ. ఎట్ల అంటుకుంటాదో నేనూ ఎప్పుడూ సూళ్ళేదు.”

తర్వాత క్యాను కింద పెట్టి కూతురి పక్కన కూర్చున్నాడు. “అట్ల ఉండగా పెడితే కాదు పాపా. ఏకినట్టు విప్పి పెట్టు. గాలికి ఎగిరేది అట్లనే గదా పడేది.” విప్పి పెట్టింది. ఇంకా వేగంగా పోయింది. ఉండగా చుట్టి పెడితే మంట రాలేదు గానీ లోపల చాలాసేపు ఎర్రగా రగులుతూ ఉంది. “చూసినావా, ఇది ఇంకా మోసం” అన్నాడు. తడిపి చూశాడు, ఇసక కలిపి చూశాడు. ఆమె ఫోనులో కాలం చూసి రాసుకుంటూ ఉంటే, డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆయనే పెడుతూ పోయాడు. మా తాత చుట్ట ముట్టించుకోవడానికి రొంటిన చెకుముకి రాయి, చిన్న గొట్టంలో బూరుగు దూది ఉంచుకునేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెబితే ఇద్దరూ నా వైపు చూశారు.

“ఇప్పుడా తాతా చెప్పేది?” అంది అమ్మాయి.

తిరుగు దారిలో వాళ్ళ నాయన ఒకటే అన్నాడు. “అంగడిలో మాత్రం ఆ మాట వద్దు.”

రేంజరు ఆఫీసుకు నేనూ వెళ్ళాను. జట్టులోని మిగతా ఇద్దరూ కాలేజీ నుంచి వచ్చారు. గోడకు తెల్ల దుప్పటి కట్టి దాని మీద కొండను చూపించారు. రేంజరు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. అమ్మాయి మీట నొక్కింది. ఎర్రరంగు పడమటి వాలు ఎక్కి, దిగి, రోడ్డు దగ్గరికి వచ్చి ఆగింది. నా చేతిలో తువ్వాలు ముడి పడింది. తర్వాత అవతల బండల దగ్గర ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి. రోడ్డు దాటింది.

అదే సమయంలో కొంచెం కింద, మలుపు దగ్గర కూడా దాటింది.

రేంజరు దుప్పటి దగ్గరికి వచ్చి వేలు పెట్టాడు. “ఈడ దాటింది, నిజమే. కానీ ఇది యాడిదమ్మా? మలుపు కాడ కాల్లేదే. నా రిపోర్టులో లేదే.”

“తెల్దు సార్.”

“మరి తీసేయాల గదా?”

“ఆ గళ్ళల్లో దూది తీసేస్తే పోతాది సార్. కానీ ఆడ చెట్లు ఉండాయి. మేం సూసి గుర్తు పెట్టుకున్యాం. ఉండేదాన్ని లేదని రాయలేను.”

జట్టులోని అబ్బాయి ఒకడు తల వంచుకున్నాడు. రేంజరు తలుపు వైపు తిరిగి, మా వెంట కొండకు వచ్చిన వాచరును పిలిచాడు.

“మలుపు కాడ పోయిన ఎండాకాలం ఏమన్నా అంటుకున్యాదా?”

“అంటుకున్యాది సార్. శానా చిన్నది. మేమే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పినాం.”

“రిపోర్టులో రాయలేదేం?”

“ఆరిపాయ గదా సార్.”

రేంజరు కొంతసేపు ఆయన్నే చూశాడు. తర్వాత దుప్పటి మీది మలుపును చూశాడు. మళ్ళీ మొదటి నుంచి నడిపించమన్నాడు. మూడోసారి కూడా చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాడు.

“కెమెరా ఎప్పుడు తెస్తారు?”

వాళ్ళు ముగ్గురూ ఒకేసారి ఏదో అన్నారు. ఏమన్నారో నాకు వినపడలేదు.

“సరే, లైన్లు నీ మ్యాపు ప్రకారం కొట్టిస్తా. ఈ దూదినేం జేయాల? గడ్డి కాదు గదా కోసేదానికి.”

“ఊడవల్ల సార్” అంది.

“అడవినా?”

“రోడ్డు పక్కన ఈ బండల కింద. కాయ పగిలే రోజుల్లో.”

ఆయన నవ్వాడు. కానీ రాసుకున్నాడు.

ఎండలు ముదిరిన తర్వాత ఒకరోజు పరుపుల గుడ్డ కొనడానికి కడపకు పోతూ అంగడాయన నన్నూ రమ్మన్నాడు. మా బస్సు కొండల్లోకి వచ్చేసరికి రోడ్డు పక్కన వాచర్లు పొరకలు పట్టుకుని బండల కింద ఊడుస్తున్నారు. తెల్లటి నూగును తడి గోనెసంచుల్లో కూరుతున్నారు.

“ఏందబ్బా, అడవిని ఊడుస్తాండారు?” అంది ముందు సీట్లో ఒకామె.

“ఎవురో పెద్దాఫీసరు వస్తాండాడేమోలే” అన్నాడు కండక్టరు.

“అట్లయితే రేపు ముగ్గు గూడా ఏస్తారు.”

బస్సంతా నవ్వారు.  అంగడాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి కొండమీది టవర్ వైపు చూశాడు.

“పాప కెమెరా యాడ సారూ?”

చూపించాను. ఎండకు టవర్ కొన మాత్రం తళుక్కుమంది. కెమెరా అంత దూరానికి కనిపించేది కాదు. అయినా కనిపించినట్టే తల ఆడించాడు. తర్వాత గోనెసంచుల వైపు చూసి, “మంచి దూదే” అన్నాడు.

మా ముందు కిటికీ దగ్గర కూర్చున్నాయన జేబులోంచి బీడీ తీసి, పుల్ల గీయబోయాడు. అంగడాయన వంగి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“అప్పా, అది లోపల పెట్టుకో. ఈడ దూది ఉండాది.”

బీడీ ఆయన వెనక్కి తిరిగి బస్సంతా చూశాడు. సీట్ల కింద, పైన సామాన్ల దగ్గర వెతికాడు. దూది ఎక్కడా కనిపించలేదు. అయినా మాట తీరు చూసి, బీడీ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.